లేత్‌పై మర కోత – చేంజ్ గేర్ల లోపాలు, సవరణలు

లేత్‌పై మర కోత అనగా తిరుగుతున్న కడ్డీ మీద గాని, గొట్టం లోపల గాని టూలుతో సమానమైన ఎడంలో మర చుట్లు కోసే ప్రక్రియ. కార్ఖానాలలో దీనిని థ్రెడ్ కటింగ్ లేదా థ్రెడింగ్ అంటారు. జాబ్ ఒక్క చుట్టు తిరిగేసరికి టూలు ఎంత దూరం జరగాలో నిర్ణయించేవి లేత్ ఎడమ చివర అమర్చే పళ్ళచక్రాలు. కోయవలసిన మరను బట్టి వీటిని మారుస్తూ ఉంటారు కావున వీటికి చేంజ్ గేర్లు అని పేరు. పెద్ద లేత్‌లలో ఈ పనిని చాలావరకు గేర్ పెట్టె చేస్తుంది. బల్లపై బిగించే చిన్న లేత్‌లలో ఎక్కువగా గేర్లను చేత్తోనే విప్పి మార్చాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే.

పిచ్ తప్పిన మర కంటికి మంచి మరలాగే కనిపిస్తుంది. నట్టు ఎక్కించినప్పుడే తప్పు బయటపడుతుంది. అప్పటికి జాబ్ పాడై ఉంటుంది. స్వల్పంగా తప్పిన మర ఇంకా ప్రమాదకరమైనది. అది నట్టును కొంతవరకు ఎక్కనిస్తుంది. బలవంతంగా బిగిస్తే భారమంతా ఒకటి రెండు చుట్ల మీదనే పడి అవి తెగిపోతాయి. కావున మరను లోతుగా కోయకముందే పిచ్‌ను సరిచూసుకోవడం ఈ పనిలో మొదటి నియమం.

మర కోతలో వచ్చే లోపాలు ప్రధానంగా మూడు రకాలు.

* పిచ్ తప్పడం: చుట్ల మధ్య దూరం కావలసినంత ఉండదు. కారణం సాధారణంగా చేంజ్ గేర్లలో ఉంటుంది.
* దారి తప్పడం: పిచ్ సరిగానే ఉంటుంది, కాని రెండవ కోతలో టూలు మొదటి గాడిలో పడదు. కారణం హాఫ్ నట్‌ను మూసిన చోటులో ఉంటుంది.
* ఆకారం చెడడం: పిచ్, దారి రెండూ సరిగానే ఉంటాయి, కాని చుట్టు వాలిపోయి గాని, చిరిగిపోయి గాని ఉంటుంది. కారణం టూలులో, దానిని అమర్చిన తీరులో ఉంటుంది.

లోపం ఏ రకానిదో ముందుగా తేల్చుకుంటే దాని కారణాన్ని వెదకవలసిన చోటు తెలుస్తుంది.

చరిత్ర

చెక్కను తిప్పి చెక్కే తరిమెన ప్రాచీన కాలం నుండి వాడుకలో ఉంది. లోహపు మరలను మాత్రం చాలాకాలం చేతి పనిముట్లతోనే చేసేవారు. అందువల్ల ఒక బోల్టుకు చేసిన నట్టు మరొక బోల్టుకు పట్టేది కాదు. సుమారు 1500 నాటి లియొనార్డో డా విన్సీ చిత్రాలలో, మార్చుకోగల గేర్లతో మరలు కోసే యంత్రం ఒకటి కనిపిస్తుంది. ఇంగ్లండులో జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో శాస్త్రీయ పరికరాల కోసం కచ్చితమైన మరలు కోసే లేత్‌ను నిర్మించాడు. హెన్రీ మాడ్‌స్లే (1771–1831) 1800 ప్రాంతంలో లండనులో తయారుచేసిన లేత్‌లో లీడ్ స్క్రూ, స్లైడ్ రెస్ట్, చేంజ్ గేర్లు మూడూ ఒకచోట చేరాయి. నేటి లేత్‌లో మర కోసే పద్ధతికి ఇదే మూలం.

మాడ్‌స్లే కార్ఖానాలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణం గల మరను ప్రమాణంగా ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. నేటి మెట్రిక్ మర కోణం కూడా 60 డిగ్రీలే. గేర్లను విప్పకుండా మీటతో పిచ్ మార్చే గేర్ పెట్టెకు వెండెల్ నార్టన్ 1892లో అమెరికాలో పేటెంటు పొందాడు. 1959లో అమెరికా, బ్రిటన్ మొదలైన దేశాల ఒప్పందంతో అంగుళం సరిగ్గా 25.4 మి.మీ.గా స్థిరపడింది.

భారతదేశంలో మెట్రిక్ కొలతల కోసం 1956లో చట్టం వచ్చింది. అయినా నీటి గొట్టాలకు, వాటి అమరికలకు బి.ఎస్.పి. మరలే నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇవి అంగుళాల లెక్కలో 55 డిగ్రీల కోణంతో ఉంటాయి. బోల్టులు ఎక్కువగా మెట్రిక్ మరలతో వస్తాయి. కావున ఒకే లేత్‌పై రెండు పద్ధతుల మరలూ కోయవలసి రావడం ఇక్కడి కార్ఖానాలలో సర్వసాధారణం. ఐ.టి.ఐ.లలో టర్నర్, మెషినిస్ట్ ట్రేడులు చదివే విద్యార్థులకు చేంజ్ గేర్ల లెక్క పాఠ్యాంశం.

మర కోతలో పాల్గొనే భాగాలు

* స్పిండిల్: చక్‌ను, దానితోపాటు జాబ్‌ను తిప్పే ఇరుసు.
* టంబ్లర్ గేర్లు: స్పిండిల్ నుండి చలనాన్ని అందుకొని, లీడ్ స్క్రూ ఏ దిశలో తిరగాలో మార్చే చిన్న గేర్లు. వీటి మీటకు ముందుకు, వెనుకకు, తటస్థం అని సాధారణంగా మూడు స్థానాలు ఉంటాయి.
* స్టడ్ గేరు: టంబ్లర్ గేర్ల తరువాత వచ్చే మొదటి చేంజ్ గేరు. ఇది నడిపే గేరు.
* బాంజో: మధ్య గేర్లను బిగించడానికి గాడి ఉన్న ఇనుప చెయ్యి. దీనిని క్వాడ్రంట్ అని కూడా అంటారు.
* లీడ్ స్క్రూ: లేత్ పొడవునా ఉండే కచ్చితమైన మర కడ్డీ. దాని చివర బిగించే గేరు నడిచే గేరు.
* హాఫ్ నట్: లీడ్ స్క్రూను రెండు వైపుల నుండి పట్టుకొనే రెండు ముక్కల నట్టు. ఇది మూసుకున్నప్పుడు క్యారేజి లీడ్ స్క్రూతోపాటు జరుగుతుంది.
* థ్రెడ్ డయల్: హాఫ్ నట్‌ను ఎప్పుడు మూయాలో చూపే, గీతలు గల చిన్న బిళ్ళ.

చేంజ్ గేర్ల లెక్క

మూల సూత్రం ఇది:

నడిపే గేరు పళ్ళు ÷ నడిచే గేరు పళ్ళు = కోయవలసిన పిచ్ ÷ లీడ్ స్క్రూ పిచ్

అంగుళాల లెక్కలో పిచ్‌కు బదులు అంగుళానికి ఎన్ని చుట్లో చెబుతారు. అప్పుడు నిష్పత్తి తలకిందులవుతుంది:

నడిపే గేరు పళ్ళు ÷ నడిచే గేరు పళ్ళు = లీడ్ స్క్రూ చుట్లు ÷ కోయవలసిన చుట్లు

స్పిండిల్, స్టడ్ సమాన వేగంతో తిరిగే లేత్‌లకు ఈ సూత్రాలు నేరుగా వర్తిస్తాయి. కొన్ని లేత్‌లలో ఈ రెండింటి మధ్యనే వేగం మారుతుంది. చక్‌ను, స్టడ్ గేరును సుద్దతో గుర్తుపెట్టి, చక్‌ను చేత్తో 10 చుట్లు తిప్పి, స్టడ్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తే సంగతి తెలుస్తుంది.

సాధారణ వరుస

నడిపే గేరు ఒకటి, నడిచే గేరు ఒకటి ఉండే అమరికను సాధారణ వరుస అంటారు. వాటి మధ్య దూరాన్ని పూరించడానికి పెట్టే గేరును ఇడ్లర్ అంటారు. ఇడ్లర్‌కు ఎన్ని పళ్ళున్నా నిష్పత్తి మారదు, తిరిగే దిశ మాత్రమే మారుతుంది.

* లీడ్ స్క్రూ పిచ్ 1.5 మి.మీ. ఉన్న మినీ లేత్‌పై ఎం8 బోల్టుకు 1.25 మి.మీ. మర కోయాలి. 1.25 ÷ 1.5 = 5/6 = 50/60. నడిపే గేరుకు 50 పళ్ళు, నడిచే గేరుకు 60 పళ్ళు ఉండాలి.
* లీడ్ స్క్రూకు అంగుళానికి 4 చుట్లు ఉన్న లేత్‌పై అర అంగుళం బి.ఎస్.పి. గొట్టానికి 14 చుట్ల మర కోయాలి. 4 ÷ 14 = 2/7 = 20/70.

సంయుక్త వరుస

ఒకే జతతో నిష్పత్తి కుదరనప్పుడు మధ్య స్టడ్‌పై రెండు గేర్లను కీతో కలిపి బిగిస్తారు. మొదటి నడిపే గేరు మధ్య జతలో ఒకదానిని తిప్పుతుంది. ఆ జతలో రెండవది లీడ్ స్క్రూ గేరును తిప్పుతుంది. 1.5 మి.మీ. లీడ్ స్క్రూపై 0.35 మి.మీ. మర కావాలంటే నిష్పత్తి 7/30. దీనిని 20/60 × 35/50 అని విడదీయవచ్చు.

లెక్క కుదిరిన ప్రతి అమరికా బాంజోపై పట్టదు. మధ్య జతలోని పెద్ద గేరు పక్క ఇరుసుకు తగలకూడదు. దీనికి ఐ.టి.ఐ. విద్యార్థులు నేర్చుకొనే తేలిక నియమం ఒకటి ఉంది. మొదటి జత పళ్ళ మొత్తం, రెండవ నడిపే గేరు పళ్ళకన్న కనీసం 15 ఎక్కువ ఉండాలి. రెండవ జత పళ్ళ మొత్తం, మొదటి నడిచే గేరు పళ్ళకన్న కనీసం 15 ఎక్కువ ఉండాలి. పై ఉదాహరణలో 20 + 60 = 80, ఇది 35 + 15 = 50 కన్న ఎక్కువ. 35 + 50 = 85, ఇది 60 + 15 = 75 కన్న ఎక్కువ. కావున అమరిక పడుతుంది. అదే నిష్పత్తిని 35/60 × 20/50 అని రాస్తే 20 + 50 = 70 మాత్రమే; 75 కన్న తక్కువ. 60 పళ్ళ గేరు లీడ్ స్క్రూ చివరకు తగులుతుంది. లెక్క సరైనదే అయినా గేర్లు పట్టనప్పుడు నడిపే గేర్లను ఒకదాని స్థానంలో మరొకటి మార్చి చూడాలి. నిష్పత్తి మారదు.

అంగుళపు లేత్‌పై మెట్రిక్ మర

ఒక అంగుళం 25.4 మి.మీ., అనగా 127/5 మి.మీ. 127 అవిభాజ్య సంఖ్య. అందువల్ల అంగుళపు లీడ్ స్క్రూతో కచ్చితమైన మెట్రిక్ మర కోయడానికి 127 పళ్ళ గేరు అవసరమవుతుంది. అంగుళానికి 4 చుట్ల లీడ్ స్క్రూపై 2 మి.మీ. పిచ్ కావాలంటే 2 × 4 ÷ 25.4 = 40/127.

127 పళ్ళ గేరు పెద్దది. చాలా చిన్న లేత్‌ల గేరు మూతలో అది పట్టదు. అటువంటప్పుడు 63 పళ్ళ గేరును వాడతారు. 100/127 కు బదులు 63/80 తీసుకుంటే తేడా 10,000 భాగాలలో ఒకటి కన్న కొంచెం ఎక్కువ మాత్రమే. 100 మి.మీ. పొడవు మరలో ఇది సుమారు 0.0125 మి.మీ. పై ఉదాహరణలో 40/127 కు బదులు 63/50 × 20/80 వాడవచ్చు. బోల్టుకు, నట్టుకు ఈ తేడా లెక్కలోకి రాదు. పొడవైన లీడ్ స్క్రూ వంటివి చేసేటప్పుడు మాత్రం పొడవుతోపాటు తేడా కూడా పెరుగుతుంది. అక్కడ 127 పళ్ళ గేరే వాడాలి.

గేర్ల అమరికలో జాగ్రత్తలు

గేరు పళ్ళ పరిమాణాన్ని మెట్రిక్ పద్ధతిలో మాడ్యూల్ అని, అంగుళాల పద్ధతిలో డయామెట్రల్ పిచ్ అని కొలుస్తారు. చైనాలో తయారయ్యే మినీ లేత్‌ల గేర్లు మాడ్యూల్ 1 కు చెందినవి. ఇంగ్లండులో తయారైన మైఫోర్డ్ ఎంఎల్7 లేత్ గేర్లు 20 డి.పి.కి చెందినవి, ఇది మాడ్యూల్ 1.27 కు సమానం. ఈ రెండు రకాలు ఒకదానిలో ఒకటి ఇమడవని చూడగానే తెలుస్తుంది. 24 డి.పి. గేరు మాత్రం మాడ్యూల్ 1.058 కు సమానం కావున మాడ్యూల్ 1 గేరుతో కలిసినట్టే కనిపిస్తుంది. తిప్పితే బిగుసుకుంటూ శబ్దం చేస్తుంది. పాత గేర్లు కొనేటప్పుడు బయటి వ్యాసం కొలిచి చూసుకోవాలి. మాడ్యూల్ గేరులో పళ్ళ సంఖ్యకు 2 కలిపి మాడ్యూల్‌తో హెచ్చిస్తే బయటి వ్యాసం వస్తుంది. మాడ్యూల్ 1 లో 40 పళ్ళ గేరుకు అది 42 మి.మీ.

గేర్ల పళ్ళ మధ్య కొద్ది సందు ఉండాలి. నోటు పుస్తకం కాగితపు పట్టీని రెండు గేర్ల మధ్య పెట్టి, గేర్లను దగ్గరకు నెట్టి, మరను బిగించి, ఆ తరువాత గేరును తిప్పి కాగితాన్ని బయటకు తీయాలి. కాగితం ముడతలు పడి చిరగకుండా వస్తే సందు సరిపోయినట్లు. సందు లేకపోతే గేర్లు అరుస్తాయి, మర పక్కలపై అలల వంటి గీతలు పడతాయి, ఇరుసులు త్వరగా అరిగిపోతాయి. సందు మరీ ఎక్కువైతే గేర్లు గలగలమంటాయి, పళ్ళ కొనలు విరుగుతాయి.

పిచ్‌ను ముందే పరీక్షించడం

గేర్లు బిగించిన తరువాత మోటారు వేయకముందే ఈ పరీక్ష చేయాలి.

1. హాఫ్ నట్‌ను మూసి, చక్‌ను చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పాలి. దీనితో గేర్లలోని వదులు తీరుతుంది.
2. క్యారేజి ఉన్న చోటును లేత్ పట్టాపై గుర్తుపెట్టాలి. డయల్ గేజి ఉంటే ఇంకా మంచిది.
3. చక్‌ను అదే దిశలో సరిగ్గా 10 చుట్లు తిప్పాలి.
4. క్యారేజి జరిగిన దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి 10తో భాగించాలి.

1.25 మి.మీ. మరకు క్యారేజి 12.5 మి.మీ. జరగాలి. అంగుళపు మరకు ఎన్ని చుట్లు కావాలో అన్ని చుట్లు తిప్పితే క్యారేజి సరిగ్గా ఒక అంగుళం జరగాలి. తరువాత మోటారు నిదానంగా నడిపి, జాబ్‌పై 0.05 మి.మీ. లోతున ఒక సన్నని గీత మాత్రమే కోయాలి. దానిపై పిచ్ గేజి ఆనించి చూడాలి. పిచ్ గేజిని రెండు మూడు చుట్లపై కాక వీలైనన్ని ఎక్కువ చుట్లపై ఆనించాలి. దగ్గరి పిచ్‌ల మధ్య తేడా అప్పుడే తెలుస్తుంది.

పిచ్ తప్పినప్పుడు కారణం కనుగొనడం

కొలిచిన పిచ్‌ను లీడ్ స్క్రూ పిచ్‌తో భాగిస్తే ప్రస్తుతం లేత్‌పై ఉన్న అసలు నిష్పత్తి వస్తుంది. దానిని కావలసిన నిష్పత్తితో పోల్చితే తప్పు గేరు సాధారణంగా దొరుకుతుంది.

* గేర్లు తారుమారు కావడం: 1.25 మి.మీ. కావలసిన చోట 1.8 మి.మీ. వచ్చింది. 1.8 ÷ 1.5 = 6/5 = 60/50. నడిపే గేరు, నడిచే గేరు ఒకదాని స్థానంలో మరొకటి ఉన్నాయి.
* పక్క సంఖ్య గేరు పెట్టడం: 14 చుట్లకు బదులు 15 చుట్లు వచ్చాయి. 4 ÷ 15 = 20/75. 70 పళ్ళ గేరుకు బదులు 75 పళ్ళది పెట్టారు. గేరుపై ముద్రించిన సంఖ్య అరిగిపోయి ఉంటే పళ్ళను లెక్కించడమే మార్గం.
* ఇడ్లర్ బదులు జత గేరు పనిచేయడం: 1.5 మి.మీ. లీడ్ స్క్రూపై 1 మి.మీ. మరకు 40/60 చాలు. మధ్యలో 50 పళ్ళ ఇడ్లర్ పెట్టారనుకుందాం. ఆ స్టడ్‌పైనే 30 పళ్ళ గేరు కూడా ఉండి, లీడ్ స్క్రూ గేరు దానితో కలిస్తే నిష్పత్తి 40/50 × 30/60 = 2/5 అవుతుంది. 1 మి.మీ.కు బదులు 0.6 మి.మీ. వస్తుంది. గేర్లన్నీ ఒకే తలంలో ఉన్నాయో లేదో చూడాలి.
* సరిగ్గా రెట్టింపు గాని, సగం గాని రావడం: స్పిండిల్‌కు, స్టడ్‌కు మధ్య ఉన్న నిష్పత్తిని లెక్కలోకి తీసుకోలేదు. గేర్ పెట్టె ఉన్న లేత్‌లో మీట తప్పు స్థానంలో ఉండవచ్చు.
* కొద్దిగా తేడా రావడం: 1.25 మి.మీ.కు బదులు 1.27 మి.మీ. వస్తే అది అంగుళానికి 20 చుట్ల మర. మెట్రిక్ పట్టికకు బదులు అంగుళాల పట్టికలోని వరుసను బిగించారు.
* క్యారేజి మరీ నెమ్మదిగా జరగడం: హాఫ్ నట్‌కు బదులు, సాధారణ కోతకు వాడే ఫీడ్ మీటను వేశారు.
* క్యారేజి ఆగి ఆగి జరగడం: సంయుక్త వరుసలో మధ్య జత గేర్లను కలిపే కీ లేదు లేదా విరిగింది. గేర్లు ఒకదానిపై ఒకటి జారుతున్నాయి.
* క్యారేజి కదలకపోవడం: టంబ్లర్ మీట తటస్థంలో ఉంది, లేదా లీడ్ స్క్రూకు రక్షణగా పెట్టిన మెత్తని పిన్ను తెగింది.
* ఎడమ మర రావడం: కుడి మరకు క్యారేజి టెయిల్‌స్టాక్ వైపు నుండి చక్ వైపుకు రావాలి. వ్యతిరేక దిశలో జరుగుతూ ఉంటే టంబ్లర్ మీటను మార్చాలి. టంబ్లర్ లేని లేత్‌లో ఒక ఇడ్లర్‌ను అదనంగా చేర్చాలి.

పిచ్ సగటున సరిగానే ఉన్నా ఒక్కొక్క చుట్టులోనే ఎచ్చుతగ్గులు ఉంటే దానిని తూలు మర అనవచ్చు. లీడ్ స్క్రూ ముందుకు వెనుకకు కదలడం, స్పిండిల్ వదులుగా ఉండడం, గేరు రంధ్రం కేంద్రంలో లేకపోవడం దీనికి కారణాలు. లీడ్ స్క్రూ చివర నట్టును తగినంత బిగిస్తే తరచు ఈ దోషం పోతుంది.

దారి తప్పినప్పుడు

ఒక మర పూర్తికావడానికి టూలు అదే గాడిలో అనేక సార్లు వెళ్ళాలి. ప్రతి కోత తరువాత హాఫ్ నట్‌ను తెరచి, క్యారేజిని వెనుకకు తెచ్చి, మళ్ళీ మూస్తారు. తప్పు సమయంలో మూస్తే టూలు రెండు చుట్ల మధ్య ఉన్న గట్టును కోసివేస్తుంది. ఫలితంగా జంట గీతలు పడతాయి.

లీడ్ స్క్రూ పిచ్‌ను కోయవలసిన పిచ్ నిశ్శేషంగా భాగిస్తే హాఫ్ నట్‌ను ఎక్కడ మూసినా ఫరవాలేదు. 6 మి.మీ. లీడ్ స్క్రూపై 0.5, 0.75, 1, 1.5, 2, 3 మి.మీ. మరలు ఇటువంటివి. ఎం12 బోల్టుకు కావలసిన 1.75 మి.మీ. మర అటువంటిది కాదు. 6 కు, 1.75 కు కనిష్ఠ సామాన్య గుణిజం 42. అనగా క్యారేజి 42 మి.మీ.కు, లీడ్ స్క్రూ 7 చుట్లకు ఒకసారి మాత్రమే సరైన చోటు వస్తుంది. 1.25, 2.5 మి.మీ. మరలకు ఈ దూరం 30 మి.మీ., అనగా 5 చుట్లు. అందుకే మెట్రిక్ లేత్‌ల థ్రెడ్ డయల్‌కు వేరు వేరు పళ్ళ సంఖ్య గల చక్రాలు ఇస్తారు.

లీడ్ స్క్రూకు అంగుళానికి 4 చుట్లు, డయల్ చక్రానికి 16 పళ్ళు, డయల్‌పై 8 గీతలు (వాటిలో 4 అంకెలు గలవి) ఉన్న లేత్‌కు నియమాలు ఇవి:

* 4తో భాగించబడే చుట్ల సంఖ్య (8, 12, 16, 20): ఎక్కడైనా మూయవచ్చు.
* తక్కిన సరి సంఖ్యలు (10, 14, 18): ఏ గీత వద్దనైనా మూయవచ్చు.
* బేసి సంఖ్యలు (11, 13, 19): అంకె ఉన్న గీత వద్దనే మూయాలి.
* అర చుట్టు ఉన్నవి (11½): ఎదురెదురుగా ఉన్న రెండు అంకెల వద్దనే మూయాలి.

ఇతర లేత్‌లకు డయల్ గీతల అర్థం వేరుగా ఉంటుంది. ప్రతి కోతకు ఒకే అంకె వద్ద మూయడం అంగుళపు లేత్‌పై అంగుళపు మరలన్నిటికీ క్షేమకరం.

అంగుళపు లీడ్ స్క్రూపై మెట్రిక్ మర కోసేటప్పుడు డయల్ పనికిరాదు. 4 చుట్ల లీడ్ స్క్రూ పిచ్ 6.35 మి.మీ. దీనికి, 2 మి.మీ.కు కనిష్ఠ సామాన్య గుణిజం 254 మి.మీ. ఇది చాలా చిన్న లేత్‌ల పని పొడవుకు దగ్గరగా గాని, మించి గాని ఉంటుంది. కావున మర పూర్తయ్యేవరకు హాఫ్ నట్‌ను తెరవకూడదు. కోత చివర యంత్రాన్ని ఆపి, టూలును వెనుకకు లాగి, మోటారును వ్యతిరేక దిశలో తిప్పి క్యారేజిని వెనుకకు తేవాలి. టూలును లాగకుండా వెనుకకు తిప్పితే గేర్ల వదులు వల్ల అది గాడి పక్కను గీసివేస్తుంది, కొన విరుగుతుంది.

మధ్యలో టూలు విరిగి కొత్తది పెట్టవలసి వస్తే, హాఫ్ నట్‌ను మూసి, టూలు జాబ్‌కు తగలకుండా యంత్రాన్ని కోత దిశలో కొద్ది దూరం నడిపి ఆపాలి. వదులు తీరిన తరువాత కాంపౌండ్ రెస్ట్, క్రాస్ స్లైడ్ చక్రాలతో టూలు కొనను పాత గాడి మధ్యకు తీసుకొనిరావాలి.

నియమం ప్రకారం మూసినా దారి తప్పుతూ ఉంటే హాఫ్ నట్‌లో లోహపు తురుము చేరిందేమో చూడాలి. నట్టు పూర్తిగా మూసుకోకపోతే మధ్యలో ఎగిరివస్తుంది. టూలు గాని, జాబ్ గాని వదులై జరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఆకారం, నునుపు చెడినప్పుడు

* చుట్లు ఒక పక్కకు వాలడం: టూలు జాబ్‌కు నిలువుగా లేదు. సెంటర్ గేజిని జాబ్‌కు ఆనించి, దాని గాడిలో టూలు రెండు పక్కలా సరిపోయేలా అమర్చాలి.
* మర పక్కలు చిరగడం: టూలు మొద్దుబారింది, కేంద్రం ఎత్తున లేదు, లేదా రెండు పక్కలా ఒకేసారి కోస్తూ తురుము ఇరుక్కుంటున్నది. ఉక్కుకు కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్ వాడతారు. ఇత్తడిని పొడిగా కోయవచ్చు.
* ఒక పక్క మాత్రమే రుద్దుకొని మెరవడం: ఆ పక్క టూలుకు తగినంత వాలు లేదు. ఎం12 మరలో చుట్టు సుమారు 3 డిగ్రీలు వాలి ఉంటుంది. టూలు ఎడమ పక్క అరగదీతలో ఈ కోణాన్ని కలుపుకోవాలి.
* చుట్లు ఒక చివర లోతుగా, మరొక చివర తక్కువగా ఉండడం: సన్నని జాబ్ వంగుతున్నది, లేదా టెయిల్‌స్టాక్ పక్కకు జరిగింది.

టూలుపై భారం తగ్గించడానికి కాంపౌండ్ రెస్ట్‌ను 29.5 డిగ్రీలకు తిప్పి, దానితోనే లోతు ఇవ్వడం వాడుకలో ఉంది. 55 డిగ్రీల మరకు సుమారు 27 డిగ్రీలు. ఈ కోణాన్ని క్రాస్ స్లైడ్ దిశ నుండి కొలవాలి. కొన్ని లేత్‌లలో కోణపు గీతల సున్న లేత్ పొడవు దిశలో ఉంటుంది; వాటిపై 60.5 గుర్తు వద్ద నిలపాలి. అక్కడ 29.5 వద్ద పెట్టితే టూలు లోపలికి పోవడం తగ్గి, పక్కకు పోవడం ఎక్కువై, గాడి వెడల్పు అవుతుంది.

మెట్రిక్ బయటి మర లోతు పిచ్‌కు 0.6134 రెట్లు. ఎం12 (1.75 మి.మీ.) కు ఇది 1.07 మి.మీ. కాంపౌండ్ రెస్ట్‌ను 29.5 డిగ్రీలకు తిప్పి కోస్తే దానిపై 1.23 మి.మీ. ఇవ్వాలి. విట్‌వర్త్ రకపు మర లోతు పిచ్‌కు 0.6403 రెట్లు. 14 చుట్ల బి.ఎస్.పి. మరకు ఇది 1.16 మి.మీ. టూలు కొన మరీ మొనదేలి ఉంటే మెట్రిక్ మరకు ఇంకా కొంత లోతు కావాలి. కావున చివరి కోతలను నట్టుతో గాని, రింగ్ గేజితో గాని సరిచూస్తూ చేయాలి.

నట్టు చెప్పే లక్షణాలు

* నట్టు అసలు ఎక్కకపోతే: లోతు చాలలేదు, లేదా కడ్డీ వ్యాసం ఎక్కువ. ఎం12 కడ్డీని సరిగ్గా 12 మి.మీ. ఉంచకుండా 11.7 నుండి 11.96 మి.మీ. మధ్యకు ముందే తగ్గించాలి.
* ఒకటి రెండు చుట్లు తేలికగా ఎక్కి క్రమంగా బిగుసుకుంటే: పిచ్ తప్పింది. 1.75 మి.మీ.కు బదులు అంగుళానికి 14 చుట్ల మర కోస్తే ఒక్కొక్క చుట్టుకు 0.064 మి.మీ. తేడా వస్తుంది, నట్టులోని 6 చుట్లలో అది 0.38 మి.మీ. దాటుతుంది. ఇక్కడ లోతు పెంచితే నట్టు ఎక్కుతుంది కాని మర బలం పోతుంది. ఆ జాబ్‌ను పక్కన పెట్టడమే సరైన పని.
* చివరివరకు ఎక్కి ఊగుతూ ఉంటే: లోతు ఎక్కువైంది.
* ఒక చోట మాత్రమే పట్టితే: అక్కడ చుట్టు అంచు లేచి ఉంది లేదా తురుము చిక్కింది.

మరను తప్పు పట్టేముందు నట్టు ఏ రకానిదో చూడాలి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు, అదే పరిమాణపు అమెరికా ముతక మరకు 13 చుట్లు. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, ఒకదానికొకటి పట్టవు.

భద్రత

గేర్లు మార్చేటప్పుడు స్విచ్ ఆపడమే కాక ప్లగ్గును కూడా తీసివేయాలి. గేరు మూత తెరచి ఉంచి యంత్రాన్ని నడపరాదు. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా, ఉత్తరీయం, చున్నీ, ఉంగరం, చేతి గడియారం లేత్ దగ్గర ప్రమాదకరం. తురుమును చేత్తో కాక కుంచెతో తీయాలి. చక్‌ను స్పిండిల్‌పై మరతో బిగించే లేత్‌లలో మోటారును ఒక్కసారిగా వెనుకకు తిప్పితే చక్ ఊడి పడవచ్చు. అటువంటి యంత్రాలపై వెనుకకు తిప్పడం అతి నెమ్మదిగా గాని, చేతి పిడితో గాని చేయాలి. చివర గట్టు ఉన్న జాబ్‌కు మర ఆగే చోట ముందుగానే లోతైన గాడి కోసి ఉంచితే టూలు గట్టుకు తగలకముందే హాఫ్ నట్‌ను తెరవడానికి వ్యవధి దొరుకుతుంది. అలవాటు లేనివారు చక్‌ను చేత్తో తిప్పుతూ కోయడం మేలు. చిన్న మరలకు ఎక్కువ సమయం పట్టదు.

ఇవి కూడా చూడండి

* లేత్ యంత్రం
* గేరు
* మర
* హెన్రీ మాడ్‌స్లే
* జోసెఫ్ విట్‌వర్త్
* వెర్నియర్ కాలిపర్